నాబ్లా ట్యాంకులో ఉప్పునీళ్లు

నాబ్లా గురించి ఎవరు చెప్పినా వినండి గానీ బార్బ్రా చెబితే మాత్రం నమ్మొద్దంటారు మా దీవిలో. ఆ బార్బ్రాని నేనే. వాళ్లన్నదాంట్లో తప్పేం లేదు. పదకొండేళ్లు ఆ మనిషిని ఆడిపోసుకున్న నోరు ఇది. అయినా నేనే చెబుతాను. ఇంకొకళ్లు చెబితే నా ముఖం చూసి నా తప్పు సగం మింగేస్తారు. ఇక్కడివాళ్లకు మొహమాటం జాస్తి.

నాబ్లా నాకు ఆడపడుచు. నా మొగుడు ఫేహీన్ కంటే రెండేళ్లు చిన్నది. మా ఇనిష్‌గార్వ్ దీవికి మొట్టమొదట డీజిల్ జనరేటర్ వచ్చినప్పుడు సహకార సంఘం వాళ్లు దాన్ని మా మామగారు టైగ్ చేతిలో పెట్టారు. ఆయన మోకాళ్లు పట్టేసి మంచమెక్కాక పానాలన్నీ కూతురికి ఇచ్చేశాడు. కొడుకుండగా కూతురికేమిటని ఊరంతా నోరు వెళ్లబెట్టింది. "వాడికి సముద్రం అర్థమవుతుంది, దీనికి ఇంజను అర్థమవుతుంది. మధ్యలో మీకేం అర్థం కాలేదు?" అని మంచంలోంచే అరిచాడాయన. ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

నాబ్లా మనిషి పొడగరి. చేతులు పెద్దవి, గోళ్ల చుట్టూ ఎప్పుడూ నలుపు. మాట తక్కువ. ఆదివారం ప్రార్థనకు ఉతికిన గౌను వేసుకొచ్చినా దగ్గర డీజిల్ వాసన కొట్టేది. "నాబ్లా పక్కన కూర్చుంటే ఫాదర్‌కి సాంబ్రాణి అక్కర్లేదు" అని పడవ బార్ట్లీ వేళాకోళం ఆడితే ఆమే ముందు నవ్వేది. అవతలి ఒడ్డున పట్నంలో ఒక వడ్రంగి ఆమెను చేసుకుంటానని రెండు ఉత్తరాలు రాశాడు. పోస్టాఫీసు నాదే కాబట్టి ఆ రెండూ నా చేతుల మీదుగానే వెళ్లాయి. వెళ్లిపోయి ఉంటే ఆమె బతుకు వేరేగా ఉండేది. ఆ ఏడే ఫేహీన్ పోయాడు. ఇక ఆమె దీవి దాటి కాలు పెట్టలేదు.

ఇంజను కొట్టం రేవు పక్కనే ఉంటుంది. దాని గోడకు ఆనుకుని పోస్టాఫీసు, అదే మా ఇల్లు. నలభై ఇళ్లకు కరెంటు ఆ కొట్టంలోంచే వస్తుంది. ఇళ్లదేముంది, కొవ్వొత్తులతో బతకొచ్చు. రేవు చివర పెద్ద దీపం, దాని కింద సైరను, ఆ రెండూ కూడా దానిమీదే నడుస్తాయి. మా రేవులోకి రావాలంటే రెండు రాళ్ల మధ్య సందులోంచి దూరి రావాలి. పొగమంచు కమ్మిన రోజు ఆ సందు కంటికి కనపడదు, సైరను విని రావాల్సిందే. చర్చి గంట కొట్టామో ఇంకా ప్రమాదం. చర్చి ఆ రాళ్లకు వెనకాల ఉంది. గంట విని వచ్చేవాడు తిన్నగా రాళ్లమీదికే వస్తాడు. అప్పట్లో మా చిన్న పడవల్లో రేడియోలు లేవు.

కరెంటు రాకముందు ఆ చోట నూనె లాంతరు ఉండేదట. మగాళ్లు సముద్రం మీద ఉండగా వాతావరణం పాడైతే, లాంతరుకు దగ్గరి ఇంటి కోడలు వెళ్లి అందులో ఒక్క చుక్క ఈస్టరు తీర్థం వేసి రావాలి. ఎవరి కంటా పడకూడదు. ఎవరితోనూ అనకూడదు, సొంత ఆడబిడ్డతో కూడా. నోరు విప్పితే దీవెన విరిగిపోతుంది, సముద్రం మీద ఉన్నవాడికి మూడుతుంది. పెళ్లైన వారానికి మా అత్త నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఈ సంగతి చెవిలో చెప్పింది. దగ్గరి ఇల్లు మాది, కోడల్ని నేను. లాంతరు పోయి కరెంటు వచ్చింది గానీ కోడలి పని పోలేదు.

ఫేహీన్ పోయింది నవంబరులో. ఆ పొద్దున నాబ్లా ఇంజనుకు కొత్త ఫిల్టరు వేసింది. ఫిల్టరు విప్పితే గొట్టాల్లోకి గాలి దూరుతుంది. ఆ గాలిని తీసేదాకా ఇంజను నడవదు. ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క నట్టు వదులు చేస్తూ, బుడగలు పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా పంపు కొట్టి, మళ్లీ బిగిస్తూ రావాలి. చివరివి ఇంజనులోకి డీజిల్ చిమ్మే మూడు నాజిళ్ల నట్లు. అన్నీ అయ్యాయి, ఇంజను నడిచింది, ఆమె ఇంటికెళ్లి టీ తాగింది.

మధ్యాహ్నం పొగమంచు వచ్చింది. గోడలా వచ్చిందంటారే, అలా. మూడు పడవలు తిరిగొచ్చాయి. ఫేహీన్ ఒక్కడే బయట మిగిలాడు. సైరను నిమిషానికోసారి మోగుతోంది. మూడుంపావుకు ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. సైరను సగం కూతలో చచ్చిపోయింది. ఆ తర్వాతి నిశ్శబ్దం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. నా చేతిలో ఉత్తరాల మీద కొట్టే ముద్ర ఉంది, దాన్ని కింద పెట్టడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాను. నలభై నిమిషాలు. ఈలోపు ఎవడో భయం పట్టలేక పరిగెత్తి చర్చి గంట లాగాడు. సైరను మళ్లీ మోగేసరికి చీకటి పడుతోంది. రెండో రోజు పడవ ముక్కలు దొరికాయి. మనిషి దొరకలేదు.

ఇంజను ఆగిన రోజు సాయంత్రమే నాబ్లా తనంతట తానే నా దగ్గరికి వచ్చింది. ముఖం కడుక్కోలేదు, మసి అలాగే ఉంది. "వదినా, ఇంజను ఆగాక మూడో నాజిల్ నట్టుకి పానా వేశాను. అది అరచుట్టు కదిలింది. అప్పుడే నేను తిప్పినందుకు కదిలిందో, పొద్దున్నే సరిగ్గా బిగించలేదో తెలియట్లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు" అంది. డీజిల్ గొట్టం మధ్యలో ఉండే గాజు గిన్నెలో నీళ్లు కూడా కనిపించాయని ఏదో అంది గానీ ఆ మాట ఆమెకే పట్టలేదు, నాకేం పడుతుంది? ఆ నట్టే ఇద్దరికీ పట్టుకుంది.

తన తప్పు తానే తెచ్చి నా ఒళ్లో పెట్టిన మనిషిని నేనేం చేశాను? శవం లేకుండానే చేసిన చావు జాగారంలో, దీవి అంతా మా ఇంట్లో కూర్చుని ఉండగా, టీ కప్పు అందివ్వబోతున్న ఆమె చెయ్యి తోసేశాను. "పొద్దున ఒక్క నట్టు బిగించి ఉంటే నా మొగుడు ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని ఈ టీ తాగుతుండేవాడు. ఫో, ఈ టీ తీసుకెళ్లి నీ ఇంజనుకి పొయ్యి" అన్నాను. ఆమె కప్పు బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఆమెకు ఒక అలవాటు వచ్చింది. ఇంజను మొదలుపెట్టాక వేలితో మూడో నట్టును మూడుసార్లు తాకి "బిగించాను, బిగించాను, బిగించాను" అని గట్టిగా అనేది. రోజూ పొద్దున, గోడకు ఇవతల నాకు వినపడేలా. నాకోసం అంటోందనుకుని పళ్లు కొరుక్కునేదాన్ని. స్టాంపులకు వస్తే స్టాంపులు బల్లమీదికి విసిరేదాన్ని. "మిగతావాళ్ల మొగుళ్లని జాగ్రత్తగా చూసుకో" అని ఒకసారి, "నీ చేతికి చంటిపిల్లనైనా ఇవ్వకూడదు" అని ఇంకోసారి. ఏళ్ల తరబడి అదే వరస. ఆమె ఒక్కసారీ బదులివ్వలేదు.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. ఏటా చలికాలంలో రెండుసార్లో మూడుసార్లో ఇంజను అలాగే ఆగేది. ఎండ కాసిన రోజు ఎప్పుడూ ఆగదు. పడవలన్నీ ఒడ్డున ఉంటే తుఫానొచ్చినా ఆగదు. మగాళ్లు బయట ఉండి, వాతావరణం పాడైన రోజే, అదే రెండు దగ్గులు, అదే నిశ్శబ్దం. ఒకసారైతే బార్ట్లీ వాళ్ల మేనమామ పడవ రాయికి ఒరుసుకుని, నీళ్లు తోడుకుంటూ బయటపడింది. ఇక ఊరుకుంటారా? "ఫేహీన్ వచ్చాడు" అనడం మొదలుపెట్టారు. సైరను ఆగితే చాలు, ఆడాళ్లు సిలువ గుర్తు వేసుకునేవాళ్లు. తనని పిలవని దీపం ఎవరినీ పిలవకూడదని వాడి పంతమట.

నాబ్లా దయ్యాల మాట ఎత్తేది కాదు. ఆమె వెతికేది. ఇంజనులోకి డీజిల్ వెళ్లే దారి ఇదీ: కొట్టం వెనక ఇనప స్టాండు మీద ట్యాంకు, దాని అడుగునే కుళాయి, అక్కడినుంచి గొట్టం లోపలి గాజు గిన్నెలోకి, గిన్నెలోంచి ఫిల్టరుకు, ఆ తర్వాత పంపు, నాజిళ్లు. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి గిన్నె అడుక్కి దిగుతాయి. గిన్నె పట్టినంతవరకు పరవాలేదు, నిండిందంటే నీళ్లు ముందుకు పోతాయి, ఇంజను చస్తుంది. రోజూ పొద్దున ఆమె గిన్నె విప్పి చూసేది, శుభ్రంగా ఉండేది. ఇంజను ఆగిన మధ్యాహ్నం చూస్తే నిండా నీళ్లు. ఎక్కడినుంచి?

వాననీళ్లేమోనని మూత మార్చింది. గాలి గొట్టాన్ని కిందికి వంచింది. అవతలి ఒడ్డు నుంచి డ్రమ్ముల్లో వచ్చే డీజిల్‌ని వారం రోజులు కదపకుండా నిలవబెట్టి, పైది మాత్రమే తోడి పోసింది. ట్యాంకు దింపి లోపల గీకింది. నల్లటి జిగురు బకెట్టెడు వచ్చింది, నీళ్లూ డీజిలూ కలిసే చోట పెరిగే పాచి అది. ఒకసారి ఆ గిన్నెలో నీళ్లను నాలుకకు రాసుకుని చూసింది. ఉప్పగా ఉన్నాయి.

ఆ మాట ఎలా పొక్కిందో గానీ, దీవికి అది చాలు. ట్యాంకులోకి సముద్రం వస్తోంది! మునిగినవాడు తెస్తున్నాడు! పెద్ద ఇంజనీరు హెస్సియన్ గారు పట్నం నుంచి వచ్చి పంపు విప్పి, లోపల తుప్పు చూపించి, "తుఫాను తుంపరమ్మా, గాలి గొట్టంలోంచి పడుతోంది" అన్నాడు. "పొగమంచు రోజున తుంపర ఎక్కడిదండీ? ఆకు కూడా కదలదు కదా" అంది నాబ్లా. ఆయన టోపీ పెట్టుకుని పడవెక్కేశాడు.

ఒక సాయంత్రం గోడ అవతల ఆమె మాటలు వినిపించాయి. "ఏం కావాలన్నయ్యా నీకు? బిగించానో లేదో నాకు తెలియదు. తెలిస్తే చెప్పనా? నువ్వైనా చెప్పు. నువ్వైనా చెప్పరాదూ" అని. ఏడుస్తోంది. నాకు జాలి కలగాలి. కలగలేదు. నా మొగుడు నా దగ్గరికి రాకుండా ఆ ఇంజనులోకి వస్తాడేమిటని ఒళ్లు మండిపోయింది. నేను కూడా రాత్రుళ్లు తలుపు గడియ తీసే ఉంచేదాన్ని. ఒక్కసారీ రాలేదు.

పదకొండో ఏడు సంఘం వాళ్లు రెండో ట్యాంకు తెప్పించారు. నాబ్లా దాన్ని మొదటిదాని పక్కనే నిలబెట్టి, సొంతంగా గొట్టం కలిపి, దానికి కొట్టం లోపల కుళాయి పెట్టి, పది రోజులు నిలవబెట్టిన డీజిల్ వడగట్టి పోసింది. సంఘం సమావేశంలో లేచి నిలబడింది. ఆమె నిలబడి మాట్లాడడం నేను చూసిందే లేదు. "ఈసారి మొదటి ట్యాంకు చెడిందంటే దాన్ని కట్టేసి ఇది తెరుస్తాను. దీంట్లోకి వాన రాదు, తుంపర రాదు, ఎవరి దయ్యమూ రాదు. పొగమంచు రోజున ఇంకెవరినీ పోగొట్టుకోం. ఇదీ పోతే నేను పానాలు కిందపెట్టేస్తాను, ఇంకెవరికైనా ఇచ్చుకోండి" అంది. అని నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

నవంబరు వచ్చింది. ఫేహీన్ పోయిన వారం. బార్ట్లీ, అతని బావమరుదులు ఇద్దరూ చలికాలానికి రొయ్యల బుట్టలు పైకి తీసుకురావడానికి వెళ్లారు. పన్నెండింటికి పొగమంచు దిగింది. సైరను మొదలైంది. నేను పోస్టాఫీసు తలుపుకు గొళ్లెం పెట్టి, నా పని నేను చేసి వచ్చి, ఉత్తరాల ముందు కూర్చున్నాను. ఒంటిగంటన్నరకు గోడ అవతల ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది.

ఆగిపోయింది.

నాకేం పట్టిందో, పదకొండేళ్లలో తొక్కని ఆ కొట్టం గడప తొక్కాను. నోట్లో ఉన్నదంతా కక్కేయాలని. "మళ్లీనా? ఎంతమందిని మింగుతావే? బార్ట్లీ పెళ్లానికి ఏం చెప్తావు, నట్టు గుర్తులేదని చెప్తావా?" అన్నాను.

నాబ్లా మోకాళ్ల మీద ఉంది. చేతిలో గాజు గిన్నె. తల ఎత్తలేదు. "అరవడానికి తర్వాత చాలా టైముంటుంది వదినా. ఇలా రా. ఇది చూడు."

గిన్నెలో పైన వేలెడు డీజిల్, కింద తేటగా నీళ్లు.

"రుచి చూడు."

"నీకు పిచ్చా?"

"రుచి చూడవే తల్లీ! ఇన్నేళ్లుగా నేనొక్కదాన్నే చూస్తున్నాను. ఇంకొక నాలుక కావాలి నాకు. సముద్రపు నీళ్లంటున్నారు అందరూ. సముద్రపు నీళ్లు నోట్లో పడితే కక్కొస్తుంది. ఇది అంత ఉప్పు లేదు. బంగాళాదుంపలు ఉడకబెట్టిన నీళ్లంత ఉంది, అంతే. ఏ సముద్రంలో ఉంది ఇంత తక్కువ ఉప్పు?"

ఆమె డీజిల్ వంచేసి గిన్నె నా పెదవులకు ఆనించింది. డీజిల్ కంపు కింద ఆ రుచి తగిలింది.

నాకు తెలుసు ఆ రుచి. ప్రతి ఈస్టరుకీ ఫాదర్ నీళ్లలో ఉప్పు వేసి, దీవించి, సీసాల్లోకి పోసిస్తాడు. ఇంటికి తెచ్చుకుని మొదట పెదవులకు రాసుకుంటాం. నా గౌను జేబులో ఇంకా ఆ సీసా ఉంది. ఖాళీగా ఉంది.

లాంతరు పోయాక తీర్థం ఎక్కడ వెయ్యాలని నేను అత్తను అడిగాను. "దీపం తాగేది ఆ ట్యాంకులోదే కదా" అంది. నిజమే కదా అనుకున్నాను. లాంతరుకైతే చుక్క సరిపోయేది. ఆవు పొట్టంత ట్యాంకుకు చుక్కేం ఆనుతుంది? మొదట్లో మూతెడు పోశాను. మంచు ఎక్కువైతే గ్లాసెడు. భయం వేసిన రోజు సీసాడు. ట్యాంకు మూత మా పెరటి సందు వైపు ఉంటుంది, స్టాండు మెట్టెక్కితే చెయ్యి అందుతుంది. మగాళ్లు బయట ఉండి, వాతావరణం పాడైన రోజే వెళ్లేదాన్ని. అలాంటి రోజే కదా వెళ్లాల్సింది.

"పోనీలే" అంటోంది నాబ్లా, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. "ఎక్కడిదైతేనేం, ఇవాళ దాని ఆట కట్టు. రెండో ట్యాంకుంది." లేచి గోడ దగ్గరి కొత్త కుళాయి మీద చెయ్యి వేసింది. ఆమె ముఖంలో అంత ధైర్యం ఎన్నాళ్లకు చూశానో.

పన్నెండున్నరకు నేను సగం సీసా మొదటిదాంట్లో పోశాను. కొత్తదానికీ దీవెన ఉండాలి కదా అని మిగతా సగం రెండోదాంట్లో పోశాను.

నోరు విప్పితే దీవెన విరుగుతుంది, బార్ట్లీకి మూడుతుంది. విప్పకపోతే ఆమె ఆ కుళాయి తిప్పుతుంది, పావుగంటలో ఇంజను మళ్లీ చస్తుంది. అప్పుడిక ఆమె దగ్గర ఏమీ మిగలదు. బయట ఎవరో చర్చి వైపు పరిగెడుతున్న చప్పుడు వినిపించింది.

"ఆగవే!" అన్నాను. "తిప్పకు. దాంట్లోనూ ఉన్నాయి. నేనే పోశాను."

"ఏం పోశావు?"

జేబులోంచి సీసా తీసి చూపించాను. కన్యమరియ ఆకారంలో ఉండే ప్లాస్టిక్ సీసా, నీలం కిరీటం మూత. నాబ్లా సీసా వంక చూసింది, చేతిలో గిన్నె వంక చూసింది. పదకొండేళ్లుగా ఇంజను విప్పిన బుర్రకు ఎంతసేపు పడుతుంది? నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"గంట దగ్గరికి ఎవడో పోతున్నాడు" అంది. "తాడు ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని చెప్పు. చెప్పి బకెట్ పట్టుకురా."

గుమ్మంలో నిలబడి నేను అరిచిన అరుపుకు దీవిలో కుక్కలన్నీ లేచాయి. గంట మోగలేదు. వెనక్కి వచ్చేసరికి ఆమె గోడ దగ్గర కూర్చుని రెండో ట్యాంకు గొట్టం విప్పేసింది. కుళాయి తెరిస్తే బకెట్లోకి ముందు నీళ్లే వచ్చాయి, నా తీర్థం. తర్వాత తెల్లగా కలిసిపోయిన డీజిల్. జామ్ సీసాతో పట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది, పారబోసింది. మళ్లీ పట్టింది, పారబోసింది. నాలుగోసారి పట్టింది తేటగా ఉంది. కాసేపు నిలవబెట్టింది. అడుగున ఏమీ దిగలేదు. ఒక్కో క్షణం నాకు నెత్తిన బండలా ఉంది, ఆమె మాత్రం తొందరపడలేదు.

గొట్టం తిరిగి కలిపి, గిన్నె కడిగి తుడిచింది. నానిపోయిన ఫిల్టరు పీకేసి కొత్తది వేసింది. "ఆ చిన్న పంపు మీట నువ్వు కొట్టు వదినా. ఆగకుండా కొట్టు." కొట్టాను. ఫిల్టరు మీది నట్టు దగ్గర బుడగలు, నురగ, బుడగలు. "ఇంకా. ఇంకా కొట్టు. చెయ్యి నొప్పెడితే రెండో చేత్తో కొట్టు." బుడగలు ఆగి సన్నగా డీజిల్ కారింది. బిగించింది. పంపు దగ్గర ఇంకో నట్టు, అదే తంతు. తర్వాత హ్యాండిల్ నన్ను తిప్పమని, తను మూడు నాజిళ్ల దగ్గర నిలబడింది. ఒకటి. రెండు. మూడు. మూడోదాని మీద పానా ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను. తర్వాత బిగించేసింది.

హ్యాండిల్ ఆమే అందుకుని తిప్పింది. తెల్లపొగ తన్నింది, మరోసారి తన్నింది, ఇంజను అందుకుంది. రేవు చివర సైరను కూసింది. ఇరవై ఆరు నిమిషాలైంది. గోడ గడియారం చూసి చెబుతున్నాను.

ఇద్దరం రేవు మీద నిలబడ్డాం, దూరం దూరంగా. మంచులోంచి ముందు మోటారు చప్పుడు వినిపించింది, తర్వాత బార్ట్లీ గొంతు. "ఏమ్మా నాబ్లా, సైరనుకి కూడా టీ తాగే టైమిచ్చావా?" అన్నాడు తాడు విసురుతూ. నవ్వుతున్నాడు గానీ పెదవులు నీలంగా ఉన్నాయి. అతని బావమరిది మాత్రం నవ్వలేదు. "మోటారు ఆపేసి చెవులు రిక్కించుకుని కూర్చున్నాం అక్కా" అన్నాడు నాతో. "పోటు రాళ్ల వైపే లాగుతోంది. రాళ్ల మీద నురగ చప్పుడు వినపడింది. ఇంకో పది నిమిషాలైతే..." అంటూ తాడు కట్టడానికి వంగాడు.

వాళ్లు వెళ్లాక నాబ్లా కొట్టంలోకి వెళ్లి బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుంది. నేను గడప దగ్గరే నిలబడ్డాను.

"ఆ రోజు కూడానా?" అంది.

"ఆ రోజు సీసా మొత్తం పోశాను. మంచు అంత గట్టిగా ఉంది మరి. నా మొగుడు కదా బయట ఉన్నది."

ఇంజను నడుస్తోంది. ఆమె లేచి ఇంజను దగ్గరికి వెళ్లి మూడో నట్టు మీద అరచెయ్యి మొత్తం ఆనించింది. అది కాలుతుంది. తీయలేదు. "అయితే బిగించాను" అంది. ఒక్కసారే అంది.

"తిట్టవే నన్ను" అన్నాను. ఏడుపు ఆగట్లేదు. "అందరినీ పిలిచి చెప్పు. జాగారంలో నేనన్నట్టే నన్నూ అను. నేనే చంపుకున్నానని చెప్పు."

ఆమె నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు, దయ కూడా లేదు. "నువ్వన్నవన్నీ గుర్తున్నాయి నాకు. టీ కప్పు దగ్గర్నుంచి చంటిపిల్ల దాకా, ఒక్కటీ మర్చిపోలేదు. తిరిగి ఒక్కటీ ఇవ్వను వదినా. నీ దగ్గరే ఉంచుకో." జామ్ సీసా తీసి నా చేతిలో పెట్టింది. "రేపట్నుంచి పొద్దున గిన్నె విప్పి నువ్వే చూడు. నేను నిద్రపోవాలి."

సంఘం వాళ్లకు నేనే చెప్పాను, తర్వాతి సమావేశంలో, నిలబడి. ఎవరూ ఒక్క మాటా అనలేదు. చెప్పాను కదా, మొహమాటం. బార్ట్లీ పెళ్లాం మాత్రం మర్నాడు ఒక సోడా రొట్టె తెచ్చి నాబ్లా గుమ్మంలో పెట్టింది. నా గుమ్మం ముందునుంచే వెళ్లింది, ఆగలేదు.

వసంతంలో నాబ్లా పన్నెండేళ్ల తర్వాత పడవెక్కి అవతలి ఒడ్డుకు వెళ్లింది. వడ్రంగికి ఎప్పుడో పెళ్లైపోయింది, బడికెళ్లే పిల్లలున్నారట. ఆమె ఒక ఆకుపచ్చ టోపీ కొనుక్కుని సాయంత్రం పడవకే తిరిగొచ్చింది. "ఏం చూశావే పట్నంలో?" అని అడిగితే, "అక్కడెవరికీ ఇంజను చప్పుడు వినపడదు వదినా, కరెంటు తీగల్లో వస్తుందట. ఎలా నిద్రపోతారో" అంది. మూడో నట్టును వేలితో తాకడం మళ్లీ చూడలేదు. పోయిన ఏడాది, డెబ్భై దాటాక, నిద్రలోనే పోయింది. ఆ రోజు ఇంజను ఆగలేదు.

ఆ తర్వాత పొగమంచులో ఆ ఇంజను ఒక్కసారీ ఆగలేదు. ఫేహీన్ శాంతించాడంటారు దీవిలో, ఇంకా అలాగే అంటారు, నేను అంత చెప్పినా. వాడెప్పుడూ రాలేదని, వచ్చిందంతా నేనేనని నాకు తెలుసు. రోజూ పొద్దున వెళ్లి గిన్నె విప్పి, జామ్ సీసాలో పట్టి, కిటికీ దగ్గర ఎత్తి చూస్తాను. తేటగా ఉంటుంది. అయినా వేలు ముంచి నాలుకకు రాసుకుంటాను. డీజిల్ తప్ప ఏమీ తగలదు. ఒక్కోరోజు, దేవుడు క్షమించుగాక, వాడొచ్చిన గుర్తుగా రవ్వంత ఉప్పు తగిలితే బాగుండుననిపిస్తుంది.